నాలుగో నంబరు తాడు

ఫిబ్రవరి 11

మావయ్యా,

నువ్వూ అత్తయ్యా కులాసాగానే ఉన్నారని నాకు నేనే చెప్పేసుకుని మొదలుపెడుతున్నాను. ఈసారి ముందు నా గోడు వినాలి.

చేపలు పట్టించే గైడు పరీక్ష రెండోసారి కూడా తప్పాను. అమ్మ నీకు ఫోన్లో చెప్పే ఉంటుంది, "అది మళ్లీ తప్పిందిరా తమ్ముడూ" అని ఏదో శుభవార్త చెప్పినట్టు. నది గురించి అడిగినవాటన్నిటికీ సమాధానం చెప్పాను. ముడులు కళ్లు మూసుకుని వేశాను. గాలం విసురు దగ్గరే దెబ్బతిన్నాను. నీటి మీద మూడు వలయాలు తేలుతుంటాయి, దగ్గర్లో ఒకటి, మధ్యలో ఒకటి, దూరంగా ఒకటి. తొమ్మిది విసుర్లలో ఆరుసార్లు, గాలపు ముల్లుకు ఈకలు కట్టి చేసిన దొంగ ఈగ వలయంలో పడాలి. నాకు రెండు పడ్డాయి. మొదటిసారి పరీక్షలో మూడు పడ్డాయి. అంటే సాధన చేసేకొద్దీ వెనక్కి వెళ్తున్నానన్నమాట.

మూడోసారి తప్పితే ఇక ఈ నది మీద గైడు చీటీ జన్మలో ఇవ్వరు. అది వాళ్ల నిబంధన. పరీక్ష ఏప్రిల్‌లో ఉంటుందంటున్నారు.

నేను విడిదిలో చాకిరేవు గదిలోనే ఉన్నాను. ఇక్కడికి ట్రౌట్ చేపల కోసం వచ్చే అతిథుల దుప్పట్లు ఉతుకుతాను, ఆరేస్తాను, మడతపెడతాను. కిటికీలోంచి నది కనిపిస్తుంది. గైడ్లు అతిథులను వెంటబెట్టుకుని నీళ్లలోకి దిగుతుంటారు. వాళ్లలో సగంమందికి ఏ రాయి వెనక చేప నిలబడుతుందో తెలియదు. నాకు తెలుసు. నాకు పదేళ్లప్పుడే నువ్వు చూపించావు. అలాంటి నేను దుప్పట్లు మడతపెడుతూ వాళ్లను చూస్తుంటే ఒళ్లు మండుతుంది.

ఈ నది మీద ముప్పయ్యేళ్లు గైడుగా ఉన్నవాడివి. నాకు ఉత్తరాల్లో నేర్పు, మొదటినుంచీ, ఏమీ తెలియనిదానికి చెప్పినట్టు చెప్పు. రీలు మీద తాడు కూడా పగుళ్లిచ్చింది, వీలైతే కొత్తది పంపు. నాలుగు ఈగలు కూడా.

ఫెయిలైన నీ మేనకోడలు


ఫిబ్రవరి 19

మొండిఘటానికి,

మావయ్య రాసేదేమిటంటే, ఏడుపు కట్టిపెట్టు. రెండుసార్లు తప్పడం పెద్ద ఘనకార్యమేమీ కాదు, నేనూ ఒకసారి తప్పాను. ఆ సంగతి మీ అమ్మకు తెలియదు, తెలియనివ్వకు.

మొదటినుంచీ చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను. మామూలు గాలానికి కొసన బరువుంటుంది, ఆ బరువు దారాన్ని లాక్కుపోతుంది. మన ఈగకు బరువే లేదు, ఊదితే ఎగిరిపోతుంది. కాబట్టి మనం విసిరేది ఈగను కాదు, తాడును. తాడు బరువుకు కర్ర వంగాలి. వంగిన కర్ర లేచేటప్పుడు తాడును ముందుకు నెడుతుంది. నీ బలంతో పనిలేదు. నీలాంటి వాళ్లకు ఇదే అర్థం కాదు, చెయ్యి ఊడిపోయేలా విసురుతారు.

ఇక లెక్క. వెనక్కి లేపు, తల పైన పన్నెండనుకుని గడియారంలో ఒంటిగంట దగ్గర ఆపు. ఆపి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టు. మూడు పూర్తయ్యాకే ముందుకు. ఆ మూడు అంకెలు మింగేశావంటే తాడు కొరడాలా చెళ్లుమని ఈగ తెగిపోతుంది. నీకు చిన్నప్పటినుంచీ ముక్కుమీద తొందర. పరీక్షలో కూడా లెక్క మింగేసి ఉంటావు, పందెం.

నీ చేతిలో ఉన్నది నేను చేసిన వెదురు రాడ్డు. ఆరు బద్దలు చీల్చి, చిత్రిక పట్టి, అతికించి, ఎనిమిది నెలలు చేశాను. అది నీ తప్పులను నీకంటే ముందే సరిదిద్దుతుంది. దాన్ని నమ్ము.

పార్సిల్లో కొత్త తాడు ఉంది. నాలుగో నంబరు, ఆ రాడ్డుకు సరిపోయేది. పాతదాన్ని తీసేసి ఆ రీలుకే చుట్టు. రీలు గురించి బుర్ర పాడుచేసుకోకు. మన చేపలకు రీలంటే తాడు దాచుకునే డబ్బా, అంతే. తేలే ఈగలు డజను పెట్టాను.

మీ అత్తయ్య నిన్ను వేళకు తినమంది. నేను వేళకు విసరమంటున్నాను. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట.

మావయ్య


మార్చి 4

మావయ్యా,

పార్సిల్ అందింది. ఆ రోజే తాడు చుట్టేశాను.

చాకిరేవు గది వెనక దుప్పట్లు ఆరేసే పెరడుంది. నేల మీద మూడు బకెట్ మూతలు పెట్టుకుని పొద్దున అరగంట, సాయంత్రం అరగంట విసురుతున్నాను. ఒంటిగంట దగ్గర ఆపుతున్నాను. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెడుతున్నాను. ఇస్త్రీ చేసే ఆవిడ రోజూ విని విని, నేను ఆపగానే తనే "మూడు" అంటోంది. అయినా మూడు దగ్గరికి వచ్చేసరికి తాడు నా వెనక నేలమీద కుప్పపడి ఉంటోంది. ముందుకు లాగితే ఈగ గడ్డిలో ఇరుక్కుంటోంది, లేదంటే దుప్పట్లో. నిన్న రెండో అంతస్తు అతిథి దుప్పటికి నీ ఈగ గుచ్చుకునే ఉండిపోయింది, మడతపెట్టేటప్పుడు చూసుకున్నాను కాబట్టి సరిపోయింది.

ఇంకోటి. చెప్పాలా వద్దా అని వారం రోజులు నీళ్లు నమిలాను. ఈగలు మునిగిపోతున్నాయి. నది దగ్గర వేసి చూస్తే రెండు క్షణాలు తేలుతున్నాయి, తరువాత తడిసి ముద్దయి కిందికి పోతున్నాయి. కొస దారానికి రాసే జిడ్డు ఈగలకు కూడా రాశాను, లాభం లేదు.

ఊరికే అడుగుతున్నాను. ఇక్కడి గైడ్ల రాడ్ల మీద 5 అని, 6 అని అంకెలుంటాయి. అవేమిటి? మన వెదురు దాని మీద ఏమీ లేదు కదా. వాళ్లందరివీ కార్బన్ రాడ్లు. అవి ఎలా ఉంటాయంటావు?

నీ అక్షరాలేమిటి, మావయ్యా, ఇంతేసి ఉన్నాయి? పేజీకి పది వరుసలు కూడా లేవు. నేనేం ముసలిదాన్ని కాలేదు, చిన్నగా రాసినా చదవగలను.

నీ మేనకోడలు


మార్చి 12

మొండిఘటానికి,

నా ఈగలు మునగవు. ముప్పయ్యేళ్లలో నా ఈగ మునిగిందన్నవాడు ఒక్కడు లేడు. నువ్వే వాటిని నీళ్లకేసి కొడుతున్నావు. పువ్వులా దించాల్సినదాన్ని బట్టలా బాదితే ఏ ఈగైనా మునుగుతుంది. నువ్వు పనిచేసేది చాకిరేవులో కాబట్టి అలవాటైపోయి ఉంటుంది.

తాడు వెనక కుప్పపడుతోందంటే నీ మణికట్టు వాలిపోతోందన్నమాట. ఒంటిగంట దగ్గర ఆపానని నువ్వనుకుంటున్నావు, చెయ్యి మూడు గంటలదాకా పోతోంది. చంకలో ఒక పుస్తకం పెట్టుకో. అది కింద పడకుండా విసురు. మూడు చాలకపోతే నాలుగు లెక్కపెట్టు. వెదురు పెద్దమనిషి, తొందరపెడితే వినదు.

ఆ అంకెలు కొట్లవాళ్ల అంకెలు, నీకెందుకు? కార్బన్ రాడ్డు సంగతి నా దగ్గర ఎత్తకు. అవి రాడ్లు కావు, గొడుగు పుల్లలు. గైడుగా నా చివరి ఏడాదిలో ఒకడు అలాంటిది పట్టుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. రోజంతా గాలిని కోశాడు తప్ప ఒక్క చేపను పట్టలేదు. మన ఇంట్లో ఎవరైనా దాన్ని చేత్తో తాకారని తెలిస్తే ఆ పూట నాకు అన్నం సయించదు.

పెద్ద అక్షరాల సంగతంటావా, కొత్త కలం లావుగా రాస్తోంది. కాగితం నాది, కలం నాది. నీకేం నష్టం?

మావయ్య


మార్చి 23

మావయ్యా,

చంకలో పుస్తకం పెట్టుకున్నాను. పడలేదు. నాలుగు లెక్కపెట్టాను. ఇంకా ఘోరంగా ఉంది. తాడు వెనక నేలమీద నిద్రపోతోంది. మూతల్లో పడేవి తొమ్మిదికి ఒకటి, బాగా పడిన రోజున రెండు. నా కుడి భుజం వాచింది. తొందరపడుతున్నానని మాత్రం అనకు. నా అంత నెమ్మదిగా విసిరేవాళ్లు ఈ నది ఒడ్డునే లేరు, ఇక్కడి గైడ్లు నన్ను చూసి నవ్వుతున్నారు.

ఈగలను నేను బాదడం లేదు. ఒకదాన్ని గిన్నెలో నీళ్లు పోసి, వేళ్లతో పట్టుకుని మెల్లగా వదిలాను. టీ తాగేలోపు మునిగిపోయింది. మిగతా పదకొండూ అంతే. నీ మీద గౌరవంతో చెప్తున్నాను, మునిగాయి.

పరీక్ష ఏప్రిల్ 27న. ఈలోగా మేనేజరు పిలిచాడు. చాకిరేవు గది పెద్దగా ఉన్నావిడ వెళ్లిపోతోంది, ఆ పని నాకిస్తాడట. కింద ఐదుగురు పనివాళ్లు, వేరే గది. కానీ పరీక్ష ఆలోచన మానుకోవాలి, ఎందుకంటే సీజన్లో ఆ మనిషి ఎటూ కదలడానికి వీల్లేదు. "మూడోసారి కూడా తప్పితే రెండూ పోతాయి కదమ్మా, ఆలోచించుకో" అన్నాడు. మంచివాడే, నా బాగు కోరే అన్నాడు. అక్కడే నిలబడి వద్దన్నాను. అమ్మకు చెప్తే గంటసేపు ఫోన్ పెట్టకుండా తిట్టింది.

వద్దని చెప్పి గదికి వచ్చాక భయం వేసింది. అందుకే ఇది అడుగుతున్నాను. ఒక్కరోజు రా. బస్సులో ఒక్క పగలు ప్రయాణం. వచ్చి నా వెనక నిలబడి చూడు. ఉత్తరంలో దొరకని తప్పు కంటికి దొరుకుతుంది. నువ్వు చూస్తే ఐదు నిమిషాల పని.

నీ మేనకోడలు


మార్చి 30

మొండిఘటానికి,

నేను రాలేను. ఇక్కడ పనులున్నాయి. మేడ మీద నీళ్ల తొట్టి కారుతోంది, బాగుచేయించాలి. మీ అత్తయ్యకు మోకాళ్లు నొప్పులు. బస్సు కుదుపు నాకు పడదు.

అయినా వచ్చి చూసేదేముంది? చెప్పాల్సిందంతా చెప్పాను. చెప్పింది చెప్పినట్టు చేస్తే వస్తుంది. నా లెక్క మీద నీకు నమ్మకం లేకపోతే అలాగే చెప్పు, వేరే గురువును చూసుకో. నువ్వు పాసయ్యాక వస్తాను.

మేనేజరుకు వద్దని చెప్పడం మాత్రం మంచి పని. నాకు నచ్చింది.

మావయ్య

*(అదే కవర్లో, చిన్న కాగితం మీద)*

అమ్మాయీ, ఇది నేను పెట్టినట్టు ఆయనకు తెలియదు. కవరు అంటించేది నేనే కాబట్టి కుదిరింది.

నీళ్ల తొట్టి కారడం లేదు. నా మోకాళ్లు బానే ఉన్నాయి. కారణం ఆయన కళ్లు. ఏడాదిన్నరైంది. చూపు నడిమధ్యన నల్ల మచ్చ ఉంటోందట. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. గుమ్మం కనిపిస్తుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం కనిపించదు. ఇది ఇక తగ్గేది కాదన్నారు డాక్టరుగారు, ముదరకుండా చూసుకోవడమేనట. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. "దానికి నేర్పేవాడు గుడ్డివాడని తెలిస్తే పరీక్షకు ముందే చేతులెత్తేస్తుంది" అంటారు. అందుకే అంతేసి అక్షరాలు. నీ ఉత్తరాలు ఆయనకు చదివి వినిపించేది నేనే.

ఈగలు మునగడం నా పాపం. అవి కట్టింది నేను. ఆయన పక్కన కూర్చుని చెప్తుంటే దారం చుట్టాను. ఈకలు తెచ్చేటప్పుడు పుంజువి తెచ్చావా అని అడిగారు, తెచ్చానన్నాను. రెండు పొట్లాలూ ఒకేలా ఉన్నాయి, తేడా నాకేం తెలుసు? నువ్వు మునుగుతున్నాయని రాశాక మళ్లీ చూస్తే తెలిసింది, నేను కట్టింది నీళ్లు పీల్చే పెట్ట ఈకలతో. చెప్తే తన ఈగలు నావల్ల చెడిపోయాయని బాధపడతారని ఊరుకున్నాను.

నువ్వు బాధపడకు. విసరడం మానకు. అత్తయ్య


ఏప్రిల్ 6

మావయ్యా,

అత్తయ్యా, ఈ ఉత్తరం మొదటి మాటనుంచి చివరిదాకా చదువు. ఒక్క వాక్యం దాటెయ్యకు, నీ గురించి ఉన్నది కూడా.

మావయ్యా, వెదురు రాడ్డు లేదు. పోయిన ఆగస్టులో దుప్పట్ల వ్యాను వెనక తలుపులో పడి నలిగింది. తలుపు వేసింది నేనే. పై ముక్క మూడు చోట్ల చీలిపోయింది. ముక్కలు నా మంచం కింద గుడ్డలో చుట్టి ఉన్నాయి, పారెయ్యడానికి చేతులు రాలేదు. ఎనిమిది నెలలు చేసినదాన్ని ఎనిమిది క్షణాల్లో విరిచానని నీకెలా చెప్పను? మొదటి పరీక్షకు ముందు చెప్దామనుకున్నాను. తప్పాను. తప్పాక చెప్తే అదొక సాకులా ఉంటుందనుకున్నాను. తరువాత ఎంత ఆలస్యమైతే అంత కష్టమైపోయింది. కార్బన్ రాడ్ల మీద నువ్వు రాసింది చదివాక ఇక నోరు పెగల్లేదు.

అప్పటినుంచీ నా చేతిలో ఉన్నది కార్బన్ రాడ్డు. వెళ్లిపోతున్న ఒక అతిథి దగ్గర కొన్నాను. తొమ్మిది అడుగులు, బాగా బిరుసు, పిడి దగ్గర 6 అని ఉంది. నీ రీలు, నువ్వు పంపిన నాలుగో నంబరు తాడు దానికే చుట్టి, నీ మూడు అంకెలూ దానితోనే లెక్కపెడుతున్నాను. నువ్వేమో వెదురుకు చెప్తున్నావు, నేనేమో దీనితో వింటున్నాను. నీ మాట తప్పు కాదు, నా చెయ్యి తప్పు కాదు. నేను దాచడమే తప్పు.

ఇంకోటి నాకు తెలుసు. నీ కళ్ల సంగతి. అత్తయ్యను ఏమీ అనకు, ఒట్టు తప్పించింది నా అల్లరే అనుకో. నువ్వు రానన్నప్పుడు నేనంటే సిగ్గుపడుతున్నావనుకున్నాను, మావయ్యా. రెండుసార్లు తప్పినదాని పక్కన నిలబడటం ఇష్టంలేక నీళ్ల తొట్టి కథ చెప్పావనుకున్నాను. రెండు రాత్రులు ఏడ్చాను. అసలు సంగతి తెలిశాక ఇంకో రాత్రి ఏడ్చాను.

నేను చేతులెత్తెయ్యను. నువ్వు గుడ్డివాడివైనా, చెవిటివాడివైనా, ఈ పరీక్ష మాత్రం రాస్తాను. ఇరవై ఒక్క రోజులున్నాయి. తిట్టాలనుంటే తిట్టు, కానీ కార్బన్ రాడ్డుకు లెక్కెంతో కూడా దాంట్లోనే రాయి.

నీ మేనకోడలు


ఏప్రిల్ 11

మొండిఘటానికి,

ఇది మీ అత్తయ్య చేతిరాత, మాటలు నావి. మధ్యలో ఏదైనా మెత్తగా వినిపిస్తే అది ఆవిడ కలిపింది.

నీ ఉత్తరం విన్న రోజు నాకు అన్నం సయించలేదు. రాడ్డు విరిగినందుకు కాదు. వెదురన్నాక విరుగుతుంది, నేనే నాలుగు విరిచాను. రెండు నెలలపాటు ఒక పిల్ల నా మాట తూచా తప్పకుండా వింటూ నాశనమవుతుంటే, దాన్నే తొందరమనిషివని తిట్టానే, అదీ నా బాధ. అంకెలేమిటని నువ్వు అడిగావు. నీకెందుకన్నాను. అప్పుడే చెప్పి ఉంటే ఈ గొడవే లేదు. అది నా అహంకారం. ఆ మాట రాయమన్నాను, ఆవిడ రాయనంది, చివరికి రాసింది.

ఇప్పుడు చెప్తున్నాను. ఆ అంకె కర్ర ఎంత బరువు తాడుకు వంగుతుందో చెప్తుంది. ఆరో నంబరు కర్రకు నాలుగో నంబరు తాడు కట్టావు, అది చాలక కర్ర అసలు వంగనేలేదు. వంగనిది ఏం నెడుతుంది? అందుకే భుజం వాచింది. రేపే ఎవరి కాళ్లైనా పట్టుకుని ఆరో నంబరు తాడు సంపాదించు. వెనక భాగంకంటే ముందు భాగం లావుగా ఉండే రకం అడుగు, గాలికి ఆగుతుంది. నా రీలు ఆ కర్రకు బరువెక్కువ, పిడిని కిందికి లాగేస్తుంది. తేలికది పెట్టు. అరచేతిలో, రీలుకు పైన పట్టుకుంటే కర్ర అటూ ఇటూ వాలకుండా నిలవాలి.

నేను రాసిన లెక్కంతా మరిచిపో. ఒకటీ లేదు, మూడూ లేదు. అది నా వెదురు లెక్క, వెదురుతో పాటే పోయింది. బిరుసు కర్ర ఎంతసేపు ఆగాలో నాకు తెలియదు. నేనెప్పుడూ పట్టుకోలేదు, ఇప్పుడు చూడనూలేను. కాబట్టి నువ్వే చూడు. పక్కకు తిరిగి నిలబడి, వెనక్కి పోయే తాడును తల తిప్పి కళ్లతో చూడు. తాడు పూర్తిగా చాచుకోబోయే క్షణం ఒకటుంటుంది, చివర్లో ఇంకా చిన్న వంపు మిగిలి ఉంటుంది. అప్పుడు ముందుకు. వెయ్యిసార్లు చూశాక చెయ్యికే తెలుస్తుంది. అప్పుడు తల తిప్పడం మానెయ్.

పెట్ట ఈకల సంగతి ఆవిడే ఒప్పుకుంది, ఈగలు కొత్తవి పంపుతున్నాం. ఈకను పెదవి మీద గీసుకుంటే పుంజుదో పెట్టదో తెలుస్తుంది. పుంజుది గుచ్చుకుంటుంది, పెట్టది మెత్తగా పోతుంది. ఈసారి ప్రతి ఈకా నా పెదవి మీదుగానే వెళ్లింది. ఈ పనికి కళ్లక్కర్లేదు. ఆరే కట్టాం. కట్టేది ఆవిడ, తిట్టేది నేను.

నీ పక్కన నిలబడటానికి నాకెప్పుడూ సిగ్గు లేదు. నిలబడి ఏమీ చూడలేకపోతే నీకు తెలిసిపోతుందని భయం, అంతే.

మావయ్య


ఏప్రిల్ 28

మావయ్యా, అత్తయ్యా,

నిన్న జరిగింది ఉన్నదున్నట్టు చెప్తాను.

పొద్దున్నే గాలి లేచింది. నదిని పైకి దువ్వినట్టు అలలు. నాకంటే ముందు ముగ్గురు విసిరారు, ఇద్దరు తప్పారు. ఆరో నంబరు తాడు ఇక్కడి పాత గైడొకాయన ఇచ్చాడు, పరీక్ష అయ్యేదాకా వాడుకోమని. నన్ను చూసి నవ్వినవాళ్లలో ఆయనా ఒకడు. పన్నెండు రోజులు పెరట్లో తల తిప్పి చూసి చూసి మెడ పట్టేసింది. పదో రోజున సాయంత్రం, చూడకుండానే చేతికి తెలిసింది. తాడు లాగినట్టు చిన్న బరువు తెలుస్తుంది, అంతే. మీ ఇద్దరికీ అప్పుడే చెప్పాలనిపించింది, కానీ దిష్టి తగులుతుందని ఊరుకున్నాను.

పరీక్షాధికారి పోయిన రెండుసార్లూ వచ్చినాయనే. "మళ్లీ వచ్చావా?" అన్నాడు. వచ్చానన్నాను. "రాడ్డు అదేనా?" అన్నాడు. రాడ్డు అదే, తాడు వేరన్నాను.

దగ్గరి వలయంలో మూడూ పడ్డాయి. మధ్యదాంట్లో మొదటిది తప్పింది, గాలి ఎత్తుకుపోయింది. తరువాత రెండూ పడ్డాయి. దూరంది మొదటిసారి అందలేదు. అప్పటికి ఐదు పడ్డాయి, రెండు విసుర్లు మిగిలాయి. ఈగను తీసి దులిపి, ఊది, తడి లేకుండా చేసుకున్నాను. అత్తయ్యా, ఏడు విసుర్లయినా అది మొదటిదానిలాగే నిలబడి ఉంది. ఎనిమిదోసారి విసిరాను. ఈగ వలయం లోపలి అంచుకు తగిలి అందులోనే ఆగింది. పరీక్షాధికారి పుస్తకం మూసేసి, "చాలు, ఇక అక్కర్లేదు" అన్నాడు. తొమ్మిదోది కూడా నాదేనండీ అన్నాను. విసిరాను. తప్పింది. అయినా తృప్తిగా ఉంది.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. నదిలో జారిపడకుండా ఉండమంది. దుప్పట్ల గదికి రేపు కొత్తావిడ వస్తోంది.

ఇక అసలు సంగతి. కొత్త గైడుకు మొదటి రోజు ఒక అతిథిని తనే ఎంచుకునే వీలుంటుంది. మేనేజరు కాగితం ఇచ్చాడు. అతిథి ఎవరన్న గడిలో "మా మావయ్య" అని రాశాను. అనుభవం దగ్గర "ముప్పయ్యేళ్లు" అని రాశాను. మేనేజరు చదివి, ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్నాయనకు గైడెందుకు అన్నాడు. కింద ఇంకో గడుంది, అతిథికి ప్రత్యేకంగా ఏమైనా కావాలా అని. అక్కడ రాశాను: "చూపు ఆనదు. ఈగ ఎక్కడుందో గైడు చెప్పాలి." ఆయన అది చదివి సంతకం పెట్టాడు.

కాబట్టి, మావయ్యా, నీళ్ల తొట్టి కథలు నా దగ్గర చెల్లవు. నువ్వు విసరడానికి కళ్లక్కర్లేదు, ఆ చెయ్యి నాకు తెలుసు. ఈగను చూడటం నా పని. ఎటు, ఎంత దూరమో నేను చెప్తాను. చేప అందుకోగానే "లేపు" అంటాను, నువ్వు లేపాలి. ఇందుకే కదా నాకు చీటీ ఇచ్చింది. మే 14, పొద్దున ఆరింటికి. అత్తయ్యా, ఆయన్ను బస్సెక్కించే పూచీ నీది.

నీ గైడు


మే 4

గైడుగారికి,

ఇది నా చేతిరాతే. వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. ఎనిమిదో విసురు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మీ అత్తయ్య ఉత్తరం పక్కన పెట్టేసింది, అందుకని అక్కడ మూడుసార్లూ ఆగాం.

ముందు రానన్నాను. ముప్పయ్యేళ్లు నేను వేరేవాళ్లకు చెప్పాను, ఎప్పుడు లేపాలో నాకెవరూ చెప్పలేదు. నా నదిలో నా పక్కన ఒకరు నిలబడి చెప్తుంటే వినాలా అని రోషం వచ్చింది. మీ అత్తయ్య రెండు రోజులు చూసింది. మూడో రోజు బస్సు టిక్కెట్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. మే 13 సాయంత్రానికి దిగుతాం.

నిన్న మేడ మీదికి వెళ్లి పాత కర్రకు ఊలు దారం కట్టి విసిరాను. దారం ఎక్కడ పడిందో తెలియలేదు. చెయ్యి మాత్రం బానే ఉంది. ఒడ్డునుంచి నీళ్లలోకి దిగేటప్పుడు నా మోచెయ్యి పట్టుకో, రాళ్లు కనిపించవు. నలుగురూ చూస్తారని మొహమాటపడకు, నేను పడను.

గట్టిగా అరవకు, చేపలు బెదురుతాయి. నా చెవి దగ్గర మెల్లగా చెప్పు. నువ్వు లేపమన్నప్పుడే లేపుతాను. అంతకు ముందు లేపను.

మావయ్య